కత్తి పట్టకముందు జరిగే పని

అవిభక్త కవలలను వేరుచేశారన్న వార్త వచ్చిందంటే అందులో మొదట కనిపించేది గంటల లెక్క. 2001లో సింగపూర్‌లో నేపాల్ పసిపాపలు గంగ, జమునల తలలను విడదీయడానికి 97 గంటలు. 2007లో బెంగళూరులో బిహార్ చిన్నారి లక్ష్మికి 27 గంటలు. లండన్‌లో పాకిస్థాన్ పిల్లలు సఫా, మర్వాలకు 2018 అక్టోబరు నుంచి 2019 ఫిబ్రవరి దాకా మూడు విడతలు కలిపి 50 గంటలకు పైనే. డాక్టర్లు ఎంతమంది, ఖర్చు ఎంత అన్నవి ఆ తర్వాతి వరుసలో వస్తాయి. అంతసేపు నిలబడి పనిచేసిన వాళ్ల ఓర్పుకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ పిల్లల బతుకు చాలావరకు ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకోకముందే తేలిపోతుంది. స్కానింగ్ గదిలో, కంప్యూటర్ తెర ముందు, బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ పుర్రె చుట్టూ చేరిన డాక్టర్ల వాదనల్లో తేలిపోతుంది. ఆ పనికి నెలలు పడుతుంది. దానికి ఫొటోలు ఉండవు, బ్రేకింగ్ న్యూస్ ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో మంచి సర్జన్లకు కొదవలేదు. కొరవడిందల్లా ఈ ముందుపనికి ఒక చోటు, ఒక జట్టు, ఒక గడువు.

ఒకే పిండం రెండుగా చీలితే అచ్చం ఒకే పోలికల కవలలు పుడతారు. ఆ చీలిక బాగా ఆలస్యమై, దాదాపు రెండు వారాలు గడిచాక మొదలై, మధ్యలో ఆగిపోతే ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలిసే ఉండిపోతారు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. విడిపోయిన పిండాలే మళ్లీ అతుక్కుంటాయనే వాదన కూడా ఉంది. ఉజ్జాయింపుగా 50 వేల నుంచి లక్ష కాన్పులకు ఒక జంట ఇలా పుడుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. చాలామంది కడుపులోనే చనిపోతారు. ప్రాణంతో పుట్టినవాళ్లలోనూ ఎందరో మర్నాటి పొద్దు చూడరు. బతికినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. ఛాతీ దగ్గర కలిసినవాళ్లు అందరికంటే ఎక్కువగా కనిపిస్తారు. తల దగ్గర కలిసినవాళ్లు అరుదు, సుమారు 25 లక్షల కాన్పులకు ఒక జంట.

అరుదు కావడం ఒక చిక్కయితే, ఏ రెండు జంటలూ ఒకలా ఉండకపోవడం అంతకంటే పెద్ద చిక్కు. అపెండిక్స్ తీసే సర్జన్‌కు అది ఎక్కడుంటుందో ముందే తెలుసు, అంతకుముందు వంద చూసి ఉంటాడు. అవిభక్త కవలల విషయంలో ఆ ధీమా లేదు. గుండె ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు, కాలేయం ఇద్దరికీ ఒకటే కావచ్చు, పేగు ఒకచోట కలిసి మళ్లీ చీలిపోవచ్చు. శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం ఇక్కడ సగం దారి వరకే తోడొస్తుంది. మిగతా సగం ఆ పిల్లల కోసమే కొత్తగా గీసుకోవాలి. ఆ గీత గీసేది స్కానింగే.

అది లేని కాలంలో ఏం జరిగిందో చాంగ్, ఎంగ్ సోదరుల కథ చెబుతుంది. 1811లో సయాం దేశంలో, అంటే నేటి థాయ్‌లాండ్‌లో పుట్టారు. రొమ్ము ఎముక కింద ఒక కండపట్టీతో కలిసి ఉన్న ఈ అన్నదమ్ములు అమెరికా చేరి, స్థిరపడి, అక్కచెల్లెళ్లను పెళ్లాడి, ఇద్దరూ కలిపి 21 మంది పిల్లల్ని కన్నారు. ఆ పట్టీలో ఏముందో బయటినుంచి చూసి చెప్పగలిగిన వైద్యుడు అప్పట్లో లేడు. 1874 జనవరిలో ఒక రాత్రి చాంగ్ చనిపోయాడు, కొన్ని గంటలకే ఎంగ్ కూడా పోయాడు. ఫిలడెల్ఫియాలో శవపరీక్ష చేస్తే ఇద్దరి కాలేయాలూ ఆ పట్టీ గుండా కలిసి ఉన్నాయని తేలింది. రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో, వాళ్లు పోయిన 21 ఏళ్లకు. ఈ రోజుల్లోనైతే ఒక అల్ట్రాసౌండ్, ఒక సీటీ స్కాన్ తీసి, ఈ తరహా కవలల్లో తేలికగా వేరుచేయగలిగిన జంట ఇదేనని డాక్టర్లు చెప్పి ఉండేవారు.

ఇప్పుడు ఆ స్కానింగ్ ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ఇద్దరు పసివాళ్లను ఒకే బల్ల మీద పడుకోబెడతారు. మత్తు ఇచ్చే జట్లు రెండు, యంత్రాలు రెండు. ఒక బిడ్డకు సంబంధించిన సూదులు, గొట్టాలు, వైర్లన్నిటికీ ఒక రంగు టేపు, రెండో బిడ్డవాటికి ఇంకో రంగు. ఒకరికి వేయాల్సిన మందు ఇంకొకరికి పోకుండా ఆ రంగులే కాపలా. సీటీ యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు కనబడాలంటే డై ఎక్కించాలి. ఇద్దరికీ ఒకేసారి ఎక్కిస్తే ఏ నాళం ఎవరిదో తెలియదు. కాబట్టి ముందు ఒక్కరికే ఎక్కిస్తారు. తెర మీద ఆ బిడ్డ గుండె వెలుగుతుంది, అక్కడి నుంచి కొమ్మలు కొమ్మలుగా నాళాలు వెలుగుతాయి. డాక్టర్ల కళ్లు మాత్రం రెండో బిడ్డ వైపు ఉంటాయి. ఆ డై అటు ఎప్పుడు చేరుతుంది, ఎంత చేరుతుంది, ఏ దారిన చేరుతుంది? ఆ తర్వాత రెండో బిడ్డకు ఎక్కించి మళ్లీ అదే తంతు. ఇద్దరి రక్తం ఎంత మేర కలుస్తున్నదో తెలియకపోతే మత్తుమందు మోతాదు కూడా నిర్ణయించలేరు. ఒకరికి ఇచ్చిన మందు ఇంకొకరి గుండె వేగాన్ని మార్చేస్తుంది.

అక్కడితో అయిపోదు. గుండెలు రెండున్నాయా, ఉంటే వాటి కండరం కలిసి ఉందా అన్నది ఎకో చెప్పాలి. గుండె కింది గదులు కలిసిపోయి ఉంటే ఇద్దరినీ బతికించడం దాదాపు అసాధ్యం. కాలేయాన్ని కోసి పంచవచ్చు, అది మళ్లీ పెరిగే అవయవం. కానీ పైత్యరసం దిగే నాళం ఇద్దరికీ ఒక్కటే అయితే పంచుకునేది ఎలా? దానికి వేరే ఎమ్మారై, వేరే న్యూక్లియర్ స్కాన్. పేగుల దారి తెలియడానికి బేరియం పరీక్ష. కిడ్నీలు ఎవరివి ఎవరికి పనిచేస్తున్నాయో చూడటానికి మరొకటి.

కలిసింది తల దగ్గరే కదా, పొట్ట చూడటం దేనికని అనిపించవచ్చు. పాట్నా అక్కచెల్లెళ్లు సబా, ఫరాల ఉదాహరణ ఆ అనుమానాన్ని తీరుస్తుంది. తలలు కలిసిన ఈ ఇద్దరినీ 2005లో ఢిల్లీలో అమెరికా న్యూరోసర్జన్ బెన్ కార్సన్ సహా వైద్యులు పరీక్షించారు. మెదడు నుంచి రక్తాన్ని దించే ముఖ్యమైన సిర ఇద్దరికీ ఒకటేనని తేలింది. దానికి తోడు పనిచేసే కిడ్నీలు రెండూ ఫరా శరీరంలోనే ఉన్నాయని, సబాకు ఒక్కటీ లేదని బయటపడింది. అంటే తలలు వేరుచేయడంతో కథ ముగియదు, ఒక కిడ్నీ మార్పిడి కూడా జరగాలి. కుటుంబం ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. 2012లో విషయం సుప్రీంకోర్టుకు వెళితే, వాళ్ల పోషణకు నెలనెలా సాయం అందించాలని కోర్టు బిహార్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పై నుంచి కింది దాకా స్కాన్ తీయకుండా కత్తి పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

తలలు కలిసిన పిల్లల్లో అసలు పోరాటం సిరల దగ్గరే. మెదడుకు రక్తం తెచ్చే ధమనుల గొడవ కొంత నయం. వాడిన రక్తాన్ని వెనక్కి దించే పెద్ద సిర నడినెత్తి వెంట సాగుతుంది. రెండు తలలు కలిసినప్పుడు అది చాలాసార్లు ఇద్దరికీ ఉమ్మడి. ఒక బిడ్డకు ఇస్తే రెండో బిడ్డ మెదడులో రక్తం దిగే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, మెదడు వాచిపోతుంది, స్ట్రోక్ వస్తుంది. 1987లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కార్సన్ బృందం జర్మనీకి చెందిన బిండర్ కవలలను ఒకే ఆపరేషన్‌లో, 22 గంటల్లో, ఒక దశలో గుండెలు ఆపి మరీ వేరుచేసింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. పిల్లలు బతికారు, కానీ ఇద్దరి మెదళ్లూ తీవ్రంగా దెబ్బతిన్నాయి.

ఆ చేదు అనుభవాల నుంచే న్యూయార్క్ న్యూరోసర్జన్ జేమ్స్ గుడ్‌రిచ్ వేరే దారి పట్టాడు. ఒక్క రోజులో అంతా చేసేయాలన్న పట్టుదల మానేశాడు. 2003, 2004 సంవత్సరాల్లో ఫిలిప్పీన్స్ కవలలు కార్ల్, క్లారెన్స్‌లకు నాలుగు విడతలుగా ఆపరేషన్ చేశాడు. ఒక్కో విడతలో కొన్ని సిరలే తెంచి తల మూసేయడం, వారాల తరబడి ఆగడం. ఈలోగా ఒంటికి సహజంగా ఉన్న గుణం పనిచేస్తుంది, మూసుకుపోయిన దారికి బదులు చిన్నచిన్న సిరలు లావెక్కి కొత్త దారులు ఏర్పరుస్తాయి. ఏర్పడ్డాయో లేదో మళ్లీ యాంజియోగ్రామ్ తీసి చూశాకే తర్వాతి విడత. అంటే స్కానింగ్ అన్నది మొదట ఒకసారి తీసి ఫైల్లో పెట్టే కాగితం కాదు. విడత విడతకూ డాక్టర్‌ను ముందుకు నడవమనేదీ, ఆగమనేదీ అదే. ఆ తర్వాత తలలు కలిసిన పిల్లలు ప్రపంచంలో ఎక్కడ పుట్టినా డాక్టర్లు గుడ్‌రిచ్ సలహా అడిగేవారు. 2020 మార్చిలో కొవిడ్ ఆయన్ను తీసుకుపోయింది.

స్కానింగ్ ఉంటే చాలు అన్నీ సాధ్యమే అనుకోవడం కూడా పొరపాటే. ఇరాన్ అక్కచెల్లెళ్లు లాదన్, లాలేల విషాదం ఆ పాఠం చెప్పింది. ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవాళ్లు, 29 ఏళ్లవాళ్లు. ఒకరి దారి ఒకరు చూసుకోవాలన్న కోరికతో, ప్రాణం పోవచ్చని తెలిసీ 2003 జులైలో సింగపూర్‌లో ఆపరేషన్‌కు సిద్ధపడ్డారు. గంగ, జమునలకు ఆపరేషన్ చేసిన డాక్టర్ కీత్ గోనే ఈ బృందానికి పెద్ద. తలలోని నాళాలను కంప్యూటర్‌లో త్రీడీగా తిప్పి చూసే సాంకేతికత అప్పటికే ఆ నగరంలో ఉంది, దాన్నీ వాడారు. ఉమ్మడి సిరకు బదులుగా తొడ నుంచి తీసిన సిరను అతికించారు. అందులో రక్తం గడ్డకట్టింది. ఏళ్ల తరబడి ఆనుకుని పెరిగిన రెండు మెదళ్లు అనుకున్నదానికంటే గట్టిగా అతుక్కుని ఉన్నాయి. జులై 8న ఇద్దరూ గంటన్నర తేడాతో చనిపోయారు. స్కాన్‌లో నాళం ఎక్కడుందో కనిపిస్తుంది. దాన్ని కోశాక ఒత్తిడి ఎటు మళ్లుతుందో, 29 ఏళ్ల కణజాలం ఎలా స్పందిస్తుందో ఆ బొమ్మలో ఉండదు. పసితనంలో మెదడుకు ఉండే సర్దుకునే శక్తి వయసుతో తగ్గిపోతుంది. ఈ పనిలో సర్జన్లు పదేపదే చెప్పే మాట కూడా ఇదే: ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో కశ్మీర్‌కు చెందిన న్యూరోసర్జన్ ఒవాసే జిలానీ, ప్లాస్టిక్ సర్జన్ డేవిడ్ డనవే ఈ విద్యను మరో మెట్టు ఎక్కించారు. వాళ్ల దగ్గరికి చేరిన సఫా, మర్వాలది పాకిస్థాన్‌లోని చార్సద్దా. తలలు కలిసి పుట్టారు. స్కాన్లలో వచ్చిన వందల పొరలను ఒక్కొక్కటిగా విప్పి, ఎముక వేరు, మెదడు వేరు, ధమనులు వేరు, సిరలు వేరు అని కంప్యూటర్ మీద రంగులు వేశారు. ఆ రంగుల బొమ్మ నుంచి త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్ నమూనాలు తయారుచేశారు. పుర్రె మూత తీసి లోపల వేలు పెట్టి చూసుకునే నమూనాలవి. ఎక్కడ కోయాలో, కోసిన ఎముకను ముక్కలు చేసి ఇద్దరి తలలకూ ఎలా పంచాలో ఆ ప్లాస్టిక్ మీదే తేల్చుకున్నారు. కళ్లద్దాల పెట్టె తగిలించుకుని వర్చువల్ రియాలిటీలో ఆ తలల లోపలికి వెళ్లి చూశారు. వేరుచేశాక రెండు తలల మీదా కప్పడానికి చర్మం ఎంత తక్కువ పడుతుందో లెక్కగట్టి, నెత్తి చర్మం కింద చిన్న బుడగలు అమర్చి వారాల తరబడి కొంచెం కొంచెంగా ఉబ్బించి చర్మాన్ని పెంచారు.

ఇంత చేసినా రెండో ఆపరేషన్‌లో పరిస్థితి చేయి దాటబోయింది. సఫా మెడ నాళాల్లో రక్తం గడ్డకట్టింది, మర్వా గుండె వేగం పడిపోయింది. బలహీనంగా ఉన్న మర్వాను నిలబెట్టడానికి ముఖ్యమైన ఉమ్మడి సిరను ఆమెకు ఇచ్చారు. ఆ తర్వాత కొన్ని గంటలకే సఫాకు స్ట్రోక్ వచ్చింది. ఆ నిర్ణయం తనను ఎంత కలచివేసిందో జిలానీ తర్వాత దాచుకోకుండా చెప్పారు. 2019 ఫిబ్రవరిలో పిల్లలు వేరయ్యారు. ఇద్దరూ బతికారు. అయితే వాళ్లు లండన్ చేరేటప్పటికే 19 నెలల వయసు. ఖర్చుకు దాత దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. ఏడాదిలోపు మొదలుపెట్టి ఉంటే ఫలితం ఇంకా బాగుండేదన్నది ఆ డాక్టర్ల అభిప్రాయం. డబ్బు కోసం తిరిగిన నెలలు పిల్లల మెదడు నుంచి పోయిన నెలలు.

మూడేళ్ల తర్వాత బ్రెజిల్‌లో బెర్నార్డో, ఆర్థర్ అనే మగపిల్లల విషయంలో ఇంకో విశేషం జరిగింది. రియోలో ఉన్న డాక్టర్లు, లండన్‌లో ఉన్న డాక్టర్లు వేర్వేరు ఖండాల్లో కూర్చుని ఒకే వర్చువల్ గదిలో, అవే స్కాన్ల మీద, ఆ పిల్లల తలలను ముందుగా వేరుచేసి చూసుకున్నారు. ఏడు ఆపరేషన్ల తర్వాత 2022 జూన్‌లో, దాదాపు నాలుగేళ్ల వయసులో ఇద్దరూ విడివిడిగా పడుకున్నారు. ఈ కబురులో మన ప్రభుత్వాలు పట్టించుకోవాల్సిన అంశం ఒకటుంది. ఈ విద్య నేర్చిన డాక్టర్ విమానం ఎక్కి రాకపోయినా ఆయన బుర్ర ఇక్కడికి రాగలదు. రావాలంటే సరిగ్గా తీసిన స్కాన్లు, వాటిని విప్పి చూపగలిగిన మనుషులు ఇక్కడ ఉండాలి.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. ఒడిశాలోని కంధమాల్ జిల్లా పిల్లలు జగా, కాలియాలకు ఢిల్లీ ఎయిమ్స్‌లో 2017 ఆగస్టులో ఒక విడత, అక్టోబరులో రెండో విడత చేశారు. డాక్టర్ ఎ.కె. మహాపాత్ర, డాక్టర్ దీపక్ గుప్తా వంటి వాళ్ల బృందం మొదటి విడతలో సిర అతికించి రక్తానికి బైపాస్ దారి వేసింది. దేశంలో తలలు కలిసిన కవలలను వేరుచేసి ఇద్దరినీ దక్కించుకున్న సందర్భంగా దాన్ని చెప్పుకున్నారు. కాలియా మూడేళ్లు బతికి, 2020 నవంబరులో కటక్‌లో కన్నుమూశాడు. అదే ఎయిమ్స్‌లో 2023 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ పాపలు రిద్ధి, సిద్ధిలను వేరుచేశారు. ఛాతీ, పొట్ట దగ్గర కలిసిన పిల్లలు. తల్లి కడుపులో నాలుగో నెలలో ఉండగానే స్కానింగ్‌లో విషయం తెలిసింది. ఊళ్లో కాన్పు కాకుండా ఢిల్లీలోనే 2022 జులైలో కాన్పు చేయించారు. నెలల తరబడి ఐసీయూలో ఉంచి సాకి, పదకొండో నెలలో ఆపరేషన్ చేశారు. నాలుగో నెల స్కాన్ లేకపోతే ఆ కథ బరేలీలోనే ఏ కాన్పు గదిలోనో ముగిసిపోయేది కాదా?

ఇక మన ఇంటి సంగతి. అవిభక్త కవలలనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వీణా, వాణి. 2003 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన పేద కుటుంబంలో తలలు కలిసి పుట్టారు. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రే ఏళ్ల తరబడి వాళ్లకు ఇల్లయింది. నర్సులు, ఆయాలు కన్నబిడ్డల్లా పెంచారు. ఆపరేషన్ గురించి కబుర్లు మాత్రం ఏళ్లకేళ్లు సాగాయి. 2015 ఫిబ్రవరిలో లండన్ నుంచి జిలానీ, డనవే హైదరాబాద్ వచ్చి చూసి వెళ్లారు. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణుల అభిప్రాయమూ అడిగారు. అప్పటికే పిల్లలకు పదకొండేళ్లు దాటాయి. ప్రమాదం ఎక్కువన్న మాట దగ్గర వ్యవహారం ఆగింది. 2017లో వాళ్లను ప్రభుత్వ సంరక్షణ కేంద్రానికి మార్చారు. 2022లో ఇంటర్ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు. ఇప్పుడు వాళ్లు మేజర్లు, ఎలా బతకాలన్నది వాళ్ల నిర్ణయం, ఇంకెవరిదీ కాదు. ఆపరేషన్ జరగలేదు కాబట్టి వాళ్లకు అన్యాయం జరిగిందని చెప్పడానికి లేదు. కత్తి పెట్టి ఉంటే ఇద్దరిలో ఒకరు ఈ రోజు మన మధ్య ఉండకపోయేవారేమో. జరిగిన అన్యాయం వేరే ఉంది. చేయవచ్చా, చేయకూడదా అన్న ప్రశ్నకు వాళ్ల మొదటి ఏడాదిలోనే, ప్రపంచంలోని నిపుణులందరికీ స్కాన్లు చూపించి, గట్టి జవాబు చెప్పే ఏర్పాటు మనకు లేకపోయింది. ఆ జవాబు ‘వద్దు’ అయినా సరే, ఆ కుటుంబం పదేళ్లు ఆశకూ నిరాశకూ మధ్య నలిగేది కాదు. ఏటా పుట్టినరోజుకు కెమెరాలు వచ్చి ‘ఆపరేషన్ ఎప్పుడు’ అని అడిగే బాధ ఆ పిల్లలకు ఉండేది కాదు.

‘వద్దు’ అని చెప్పడం కూడా వైద్యమే. గుండె ఒక్కటే అయినప్పుడు, మెదడు పంచుకోలేనంతగా కలిసినప్పుడు స్కాన్ ఆ సంగతిని దాపరికం లేకుండా చూపుతుంది. 2000 సంవత్సరంలో ఇంగ్లండ్‌లో ఇంకా కఠినమైన ప్రశ్న ఎదురైంది. మాల్టాలోని గోజో ద్వీపం నుంచి మాంచెస్టర్ వచ్చిన దంపతులకు పుట్టిన ఇద్దరు పాపల్లో ఒకరి గుండె, ఊపిరితిత్తులు పనిచేయడం లేదు, రెండో పాప గుండే ఇద్దరికీ రక్తం కొడుతోంది. వేరుచేస్తే ఒకరు తప్పక చనిపోతారు. చేయకపోతే కొన్ని నెలల్లో ఇద్దరూ పోతారు. తల్లిదండ్రులు మతవిశ్వాసం కొద్దీ ఆపరేషన్ వద్దన్నారు. అప్పీలు కోర్టు చేయమంది. నవంబరులో ఆపరేషన్ జరిగింది, ఒక పాప బతికింది. కోర్టు తీర్పుతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఆ పాపల శరీరాల్లో ఏముందన్న విషయంలో మాత్రం కోర్టులో ఎవరికీ సందేహం లేకపోయింది. వాదన నీతి గురించి జరిగింది, ఊహల గురించి కాదు. మన దగ్గర కన్నవాళ్లకు అంతటి స్పష్టత దక్కడం లేదన్నదే అసలు ఫిర్యాదు.

మనకు చేతకాదని అనుకోవాల్సిన పనిలేదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల సర్జన్‌గా పనిచేసిన డాక్టర్ యార్లగడ్డ నాయుడమ్మ అవిభక్త కవలలను వేరుచేసి పేరు తెచ్చుకున్నారు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. ఒక జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో అది సాధ్యమైంది. అయితే ఒక డాక్టర్ నైపుణ్యం మీద, పట్టుదల మీద నడిచే పని ఆ డాక్టర్ రిటైరైతే ఆగిపోతుంది. జట్టుగా, పద్ధతిగా నడిచేదే నిలుస్తుంది.

అలాంటి పద్ధతికి మొదటి మెట్టు కాన్పుకు ముందే ఎక్కాలి. ఐదో నెలలో తీసే టిఫా స్కాన్‌లో బిడ్డ అవయవాలన్నీ కనబడతాయి. అవిభక్త కవలలైతే ఇంకా ముందే, మూడో నెల స్కాన్‌లోనే అనుమానం రావచ్చు. ఇద్దరి మధ్య పొర కనిపించదు, ఎంతసేపు చూసినా ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు జరగరు. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. మంచి పని. యంత్రం కొనడం ఒక్క రోజు పని, దాని ముందు కూర్చుని లోపం పట్టగలిగిన రేడియాలజిస్టును ఏడాది పొడవునా కూర్చోబెట్టడమే అసలు పని. స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు చూసి, కడుపులో బిడ్డ గురించి ఏమీ అడగకూడదేమో అనుకునే తల్లులు ఇంకా ఉన్నారు. చట్టం నిషేధించింది ఆడా మగా చెప్పడాన్ని. లోపాలు వెతకడానికి ఆ చట్టమే అనుమతి ఇస్తుంది. లోపం తీవ్రమైనదైతే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావం చేయించుకునే వీలును 2021 చట్ట సవరణ కల్పించింది. ఉంచుకోవాలా, వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయం. ఏ నిర్ణయానికైనా సమయం కావాలి. కాన్పు బల్ల మీద నొప్పులు పడుతున్నప్పుడు తెలిస్తే సమయం ఎక్కడిది?

పైగా అలాంటి కాన్పు తల్లి ప్రాణానికే ముప్పు. కలిసిన బిడ్డలు మామూలు దారిలో బయటికి రాలేక అడ్డం పడతారు. ముందే తెలిస్తే పిల్లల సర్జన్, మత్తు డాక్టర్లు, ఐసీయూ సిద్ధంగా ఉన్నచోట ముహూర్తం పెట్టుకుని సిజేరియన్ చేయవచ్చు.

ఇంత అరుదైన సమస్యకు ఇంత ఆర్భాటమా అని ఆరోగ్య శాఖలో ఎవరైనా అడగవచ్చు. డెంగీకి మంచాలు చాలని చోట ఈ ప్రశ్న అన్యాయమేమీ కాదు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏటా పది లక్షలకు పైగా కాన్పులు జరుగుతాయి. పుస్తకాల్లోని లెక్క ప్రకారం చూసినా ఏటా పది ఇరవై జంటలు మించవు, వాటిలో ఆపరేషన్ దాకా వచ్చేవి ఒకటో రెండో. కానీ ఈ ముందుపని ఆ ఒకటి రెండు జంటలతో ఆగేది కాదు. స్కాన్ పొరలను విప్పి రంగులు వేసి త్రీడీ నమూనా చేయగలిగిన జట్టు ఉంటే, పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న బిడ్డకూ అది పనికొస్తుంది. కాలేయంలో కణితి ఉన్న బిడ్డకు, ప్రమాదంలో దవడ నుజ్జయిన యువకుడికి, వెన్నెముక వంకరపోయిన అమ్మాయికి కూడా ఆ జట్టే దారి చూపుతుంది. ఐదో నెలలో వెన్నుపాము లోపాన్ని పట్టేదీ ఆ టిఫా స్కానే. అరుదైన జంట కోసం కట్టిన వంతెన మీద ఏటా వేలమంది నడుస్తారు.

కొత్త భవనం అక్కర్లేదు. నిలోఫర్‌లో పసిపిల్లల వైద్యంలో తలపండినవాళ్లున్నారు. గుంటూరులో అనుభవం ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. 2023లో హైదరాబాద్‌లో మొదలైన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లున్నాయి. ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదంతే. రెండు ప్రభుత్వాలూ నీళ్ల పంపకాల మీద ఎంత కొట్లాడుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో ఉమ్మడిగా ఒక జట్టును ప్రకటించాలి. ఏ జిల్లాలో అనుమానం వచ్చినా ఆ స్కాన్ రెండు రోజుల్లో ఆ జట్టు ముందుండాలి. బిడ్డలు పుట్టిన మూడు నెలల్లోపు ఆపరేషన్ చేయవచ్చా లేదా అన్న మాట రాతపూర్వకంగా, తెలుగులో, ఆ తల్లిదండ్రుల చేతికి అందాలి. ఆ ప్లాస్టిక్ నమూనాను వాళ్ల చేతిలో పెట్టి ఇది నీ బిడ్డ సిర, ఇది కోస్తే ఇలా జరగవచ్చు అని కూర్చోబెట్టి చెప్పాలి. చదువు రాని తల్లికి కూడా అది అర్థమవుతుంది. పిల్లల పేర్లు, ఫొటోలు కన్నవాళ్ల అనుమతి లేకుండా గేటు దాటకూడదు.

ఇక గర్భిణులకు, వాళ్ల ఇంటివాళ్లకు ఒక విన్నపం. ఐదో నెల టిఫా స్కాన్ మానకండి, ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడిగి ఎక్కడ తీస్తారో తెలుసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకుని భద్రపరచండి. కాగితం మీద ఒక డాక్టర్ అభిప్రాయమే ఉంటుంది. ఆ సీడీ ఉంటే హైదరాబాద్‌లోనైనా, ఢిల్లీలోనైనా, లండన్‌లోనైనా మరో డాక్టర్ మీ బిడ్డను తన కళ్లతో చూడగలుగుతారు.